సెట్ మీల్, కనీసం ఇద్దరికి

బేసింగ్‌స్టోక్‌లో మా ఇంటి నుంచి నడిచి వెళ్లగలిగేంత దూరంలో ఒక చైనీస్ రెస్టారెంట్ ఉంది. ఒక పక్క డ్రైక్లీనింగ్ షాపు, ఇంకో పక్క చారిటీ షాపు, మధ్యలో ఇరుక్కున్నట్టుగా అది. లోపల ఎర్ర రెక్సిన్ కుర్చీలు, గోడకి బంగారు చేపల పటం, కౌంటరు మీద చెయ్యి ఊపుతూ ఉండే బొమ్మ పిల్లి. గొప్ప చోటేమీ కాదు. కానీ దాని అద్దానికి లోపలి వైపు నుంచి అంటించిన ఒక కాగితం మీద నాకు రెండేళ్లుగా కన్నుంది. మధ్యాహ్నం పూట సెట్ మీల్స్, ఏ, బీ, సీ. సూపు, ఒక స్టార్టరు, రెండు కూరలు, ఎగ్ ఫ్రైడ్ రైస్, చివర్లో టీ. ఇంత తిండి ఇంత చవగ్గా ఈ ఊళ్లో ఇంకెక్కడా దొరకదు. అన్నీ బాగానే ఉన్నాయి గాని, కింద చిన్న అక్షరాలతో ఒక మెలిక పెట్టారు. కనీసం ఇద్దరు ఉండాలి.

నేను ఆసుపత్రిలో నర్సుని. నా డ్యూటీల పట్టికలో సెలవులు ఎక్కువగా పనిదినాల్లో పడతాయి. అందరూ ఆఫీసుల్లోనూ బడుల్లోనూ ఉన్నప్పుడు నేను ఖాళీగా ఉంటాను. రెండో మనిషిని ఎక్కణ్ణుంచి తేను? ఒకసారి ధైర్యం చేసి ఒక్కదాన్నే లోపలికి వెళ్లాను. జుట్టు పొట్టిగా కత్తిరించుకుని, చెవి వెనక పెన్సిలు పెట్టుకున్న ఒకావిడ వచ్చింది. యాభై దగ్గర పడి ఉంటాయి. ఆవిడే వడ్డన, ఆవిడే లెక్క, యజమాని కూడా ఆవిడేనని తర్వాత తెలిసింది.

"సెట్ బీ," అన్నాను.

"టూ పీపుల్?"

"ఒక్కదాన్నే. ఇద్దరి తిండీ నేనే తింటాను. ఇద్దరి డబ్బులూ ఇస్తాను."

ఆవిడ నా ఎదురుగా ఉన్న ఖాళీ కుర్చీని పెన్సిలుతో చూపించి, "టూ పీపుల్, టూ చెయిర్స్," అంది. న్యాయం చెప్పడంలో మా వార్డు సిస్టరు కూడా అంత కచ్చితంగా ఉండదు. ఒక నూడుల్స్ గిన్నె తిని బయటికొచ్చేశాను.

మా ఆయన్ని రెండో కుర్చీలో కూర్చోబెట్టొచ్చు కదా అంటారేమో. ఆయన బ్రాక్‌నెల్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తారు. వారంలో మూడు రోజులు ఇంట్లోంచే పని. మంచి మనిషి. కాకపోతే నలభయ్యో ఏట రక్తపరీక్షలో కొలెస్ట్రాల్ కాస్త ఎక్కువగా వచ్చిందని మా జీపీ డాక్టరు ఒక్క మాట అన్న దగ్గర్నుంచీ మా వంటింటి మీద దండయాత్ర మొదలుపెట్టారు. బియ్యం డబ్బా గరాజ్‌లోకి పోయింది. దాని చోట్లోకి కొర్రలు, అండుకొర్రలు, ఊదలు, పేరు తెలియని ఇంకేవో వచ్చి కూర్చున్నాయి. నూనె సీసా మందు సీసాలాగా పై అరలోకి ఎక్కింది. పోపుకి ఒక టీ స్పూను, అదీ తల కొట్టి. బయటి తిండి మాట ఎత్తితే, "మైదా, పంచదార, కార్న్‌ఫ్లోర్. అది తిండి కాదు, జిగురు," అనేవారు.

ఈ పరిస్థితుల్లో మా అత్తగారు ఆరునెలల వీసా మీద వచ్చారు.

మా అత్తగారిది రేపల్లె దగ్గర ఒక ఊరు. ప్రాథమిక పాఠశాలలో హెడ్మిస్ట్రెస్‌గా చేసి రిటైరయ్యారు. చర్చిలో స్త్రీల సమాజానికి పెద్ద. ఆవిడ నోరు తెరిచి కోప్పడటం నేనెప్పుడూ చూడలేదు గాని, కళ్లజోడు కిందికి దించి చూస్తే చాలు, పెళ్లయి పన్నెండేళ్లయినా నాకు చేతులు కట్టుకోవాలనిపించేది. ఫోన్లో మాట్లాడుతున్నప్పుడు కూడా నాకు తెలియకుండానే కుర్చీలోంచి లేచి నిలబడేదాన్ని. ఆరు నెలలు ఒకే కప్పు కింద ఎలా నెట్టుకొస్తానా అని లోపల్లోపల బెంగపడ్డాను.

ఆవిడకి షుగరు అంచుల్లో ఉందని, ఆవిడ వచ్చిన మర్నాడే మా ఆయన ఆవిణ్ణి కొర్రల్లోకి దింపేశారు. పొద్దున రాగిజావ, మధ్యాహ్నం కొర్రన్నం, రాత్రి కొర్ర ఉప్మా. మొదటివారం ఆవిడ పెట్టింది పెట్టినట్టు మాట్లాడకుండా తిన్నారు. రెండో వారంలో ఒకరోజు ఆయన పై గదిలో మీటింగులో ఉండగా, ప్లేటులో ఉప్మాని స్పూనుతో అటూ ఇటూ కదిలించి, గొంతు తగ్గించి అడిగారు.

"అమ్మాయ్, నువ్వు రోజూ ఇదే తింటన్నావా?"

"అవునత్తయ్యా."

"మా ఇంట్లో ఇయ్యి కోళ్లకి వేసేవాళ్లం. అవి కూడా మొహమాటానికి తినేయి."

నాకు నవ్వు ఆగలేదు. ఆవిడ నవ్వలేదు. ఎదురుగా తప్పు లెక్క చేసిన పిల్లాడు నిలబడ్డట్టు ఆ ఉప్మాకేసి చూస్తూ కూర్చున్నారు.

తిండి తర్వాత మా ఆయన కార్యక్రమంలో రెండోది నడక. మధ్యాహ్నం అమ్మ గంటసేపు నడవాలి. నాకు సెలవైన రోజు నేను వెంట వెళ్లాలి. సరేనని ఒక బుధవారం ఇద్దరం బయల్దేరాం. ఆవిడ నేత చీర మీద నా పాత రెయిన్‌కోటు, కాళ్లకి కొత్త నడక బూట్లు. రౌండెబౌట్ల కింద నుంచి వెళ్లే దారులన్నీ దాటి షాపుల వీధిలోకి వచ్చేసరికి తుంపర మొదలైంది. ఎక్కడో ఒకచోట ఆగాలి కదా అని నేను ఆ రెస్టారెంట్ చూరు కిందికి లాగాను. కావాలని కాదు. కావాలనే అని తర్వాత మా ఆయన అన్నారు గాని, నిజంగా చూరు దానికే ఉంది.

ఆవిడ అద్దం మీది కాగితాన్ని చూశారు. కళ్లజోడు సర్దుకుని క్లాసులో పాఠం చదివించినట్టు పైకి చదివారు. సూపు దగ్గర మొదలుపెట్టి టీ దాకా, ఒక్క కామా కూడా వదలకుండా. చివరి వాక్యం మాత్రం రెండుసార్లు చదివారు.

"మినిమమ్ టూ పర్సన్స్." నా వైపు తిరిగారు. "మనం ఎంతమందిమి?"

"ఇద్దరం, అత్తయ్యా."

"మరి తలుపు తియ్యవేం?"

పెన్సిలావిడ నన్ను గుర్తుపట్టింది. ముందు నన్ను చూసింది, తర్వాత మా అత్తగార్ని చూసింది, తర్వాత రెండు కుర్చీలున్న బల్ల చూపించింది. నా జీవితంలో పరీక్ష ప్యాసైనప్పుడు కూడా అంత గర్వంగా కూర్చోలేదు.

సెట్ బీ చెప్పాను. ముందు ఒక బుట్టలో తెల్లటి ప్రాన్ క్రాకర్లు వచ్చాయి. అత్తగారు ఒకటి విరిచి నోట్లో వేసుకుని కాసేపు ఆలోచించి, "రొయ్య పేరు మాత్రం విన్న అప్పడం," అన్నారు. రొయ్యల చెరువుల మధ్య పుట్టి పెరిగిన మనిషి, ఆవిడ మాటకి తిరుగులేదు. అయినా బుట్ట ఖాళీ అయింది. సూపు రాగానే ఆవిడ కళ్లు మూసుకుని చేతులు జోడించారు. భోజనం ముందు ప్రార్థన ఆవిడకి ఎక్కడైనా తప్పదు. నేనూ తల వంచాను.

"ప్రభువా, నీవు మాకిచ్చిన ఈ ఆహారమును బట్టి నీకు స్తోత్రములు. దీనిని వండిన చేతులను దీవించుము. ఇంటి దగ్గర మా అబ్బాయి మీటింగును ఇంకాస్త పొడిగించుము. ఆమేన్."

నేను ఆమేన్ అనడం మర్చిపోయి తలెత్తి చూశాను. ఆవిడ అప్పటికే సూపులో స్పూను ముంచుతున్నారు.

"అత్తయ్యా, ఆయనకి చెప్పకూడదా?"

"అబద్ధం చెప్పకూడదు. ఎక్కడికెళ్లారంటే నడకకెళ్లామని చెబుతాం. నడిచే వచ్చాం కదా? నడిచే పోతాం కదా? మధ్యలో ఏం తిన్నారని వాడు అడిగితే అప్పుడు చూద్దాం."

నలభై ఏళ్లు పిల్లల అబద్ధాలు పట్టుకున్న మనిషికి, ఎక్కడ పట్టు దొరకదో బాగా తెలుస్తుందని ఆ రోజు అర్థమైంది.

అక్కణ్ణుంచీ నా సెలవు రోజులన్నీ దానికే అంకితమయ్యాయి. ఒకసారి ఏ, ఒకసారి బీ, ఒకసారి సీ. స్వీట్ అండ్ సవర్ చికెన్ తిన్న రోజు, "బెల్లం పులుసులో కోడి జారిపడింది," అన్నారు. సీలో వచ్చే క్రిస్పీ డక్ మాత్రం ఆవిణ్ణి లొంగదీసుకుంది. పెన్సిలావిడ వచ్చి రెండు ఫోర్కులతో బాతు మాంసాన్ని చీల్చి పీచు తీసి పెడుతుంటే అత్తగారు ముందుకు వంగి చూశారు. సిగరెట్టు కాగితమంత పల్చటి రొట్టె, దాని మీద నల్లటి తియ్యటి సాసు, కీరా ముక్కలు, ఉల్లికాడలు, పైన ఆ బాతు. చుట్టి తినాలి. ఆవిడ మొదటిది చుట్టిన తీరు చూసి పెన్సిలావిడ ఆగిపోయింది. బడిలో పిల్లలకి కాగితం పడవలు చేయించిన చేతులు కదా, అంచులు మడిచి, కింద మూసి, సాసు బొట్టు కూడా జారకుండా చుట్టారు. పెన్సిలావిడ "గుడ్, మామా, వెరీ గుడ్," అంది. అప్పట్నుంచీ అక్కడ ఆవిడ పేరు మామా. చైనీస్‌లో అమ్మనే అలా అంటారట. "మామ కాదు, అత్త," అని మా అత్తగారు ఒకటి రెండుసార్లు దిద్ది చూశారు. తర్వాత వదిలేశారు.

క్రిస్పీ సీవీడ్ అని పచ్చగా తురుములా ఏదో వచ్చిన రోజు ఆవిడ ముట్టుకోనన్నారు. "సముద్రపు నాచు. నిజాంపట్నం ఒడ్డున కాళ్ల కింద తొక్కుకుంటా తిరిగాం దీన్ని," అన్నారు. అది నాచు కాదనీ, క్యాబేజీ ఆకుల్ని సన్నగా తరిగి నూనెలో వేయించి పంచదార చల్లుతారనీ పెన్సిలావిడ రహస్యం చెప్పినట్టు చెప్పింది. "ఆ ముక్క ముందు చెప్పొద్దూ," అని అత్తగారు ప్లేటు తన వైపు లాక్కున్నారు.

నేనేమీ బాధ్యత లేకుండా తిరగలేదు. ఎంతైనా నర్సుని. అన్నం రెండు స్పూన్లే పెట్టేదాన్ని. చివర్లో టీతో పాటు వచ్చే పంచదార పాకం అరటిపండు ముట్టనిచ్చేదాన్ని కాదు. దాని మీద మా ఇద్దరికీ ప్రతిసారీ చిన్న యుద్ధం జరిగేది. మర్నాడు పొద్దున ఆయన స్నానానికి వెళ్లగానే అత్తగారి వేలు గుచ్చి షుగరు చూసేదాన్ని. అది పెరగకుండా ఉండటం చూసి ఆవిడ నా కంటే ఎక్కువ ఊరట పడేవారు. "చూశావా, వచ్చేవారం కూడా పోవచ్చు," అనేవారు.

మా ఆయనకి తల్లి ముఖంలో కళ వచ్చినట్టనిపించింది. అది కొర్రల మహిమ అనుకున్నారు. అలా తినొచ్చిన రోజుల్లో మేమిద్దరం రాత్రి భోజనం ఏదో పేరుకి తినేవాళ్లం. "చూడు, మితాహారం అంటే అదీ," అని మమ్మల్ని మెచ్చుకుని మిగిలిన ఉప్మా ఆయనే తినేవారు. పైగా తల్లి పుట్టినరోజుకి అడుగులు లెక్కపెట్టే చేతిగడియారం కొనిచ్చారు. అది ఆయన ఫోనుకి కూడా కబురు పంపుతుంది.

అప్పుడొచ్చింది ఇబ్బంది. గంట నడక అని చెప్పి ముప్పావు గంట కుర్చీలో కూర్చుంటే అడుగులు ఎక్కడ పడతాయి? అత్తగారు దానికీ దారి కనిపెట్టారు. సూపు వచ్చేదాకా కుడి చెయ్యి ఊపుతూ కూర్చునేవారు. గడియారం అది నడకే అనుకునేది. కౌంటరు మీద పిల్లి ఎడమ చెయ్యి ఊపేది, బల్ల దగ్గర మా అత్తగారు కుడి చెయ్యి ఊపేవారు. తనని పిలుస్తున్నారనుకుని పెన్సిలావిడ పరుగున వచ్చేది. "నో, నో, ఐ యామ్ వాకింగ్," అనేవారు అత్తగారు. ఆవిడ అయోమయంగా తిరిగి వెళ్లేది. పక్క బల్ల దగ్గర పేపరు చదువుకుంటున్న ఒక ముసలి తెల్లాయన మా వైపు చూసి, ఏమనుకున్నారో ఏమో, మర్యాదగా చెయ్యి ఊపారు. అత్తగారు ఊపడం ఆపకుండానే ఆయనకి నమస్కారం చెప్పారు.

మా గుట్టు ముందుగా పసిగట్టింది మా అమ్మాయి. దానికి తొమ్మిదేళ్లు. తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో వస్తుంది. ఒకరోజు బడి నుంచి రాగానే నానమ్మని వాటేసుకుని, రెయిన్‌కోటుకి ముక్కు ఆనించి అలాగే ఉండిపోయింది.

"నానమ్మా, వై డూ యూ స్మెల్ లైక్ ప్రాన్ క్రాకర్స్?"

పై గదిలో మా ఆయన కుర్చీ జరిగిన చప్పుడైంది. అత్తగారు దాన్ని గబగబా వంటింట్లోకి లాక్కెళ్లి తలుపు వేశారు. అయిదు నిమిషాల తర్వాత ఇద్దరూ బయటికొచ్చారు. ఒప్పందం కుదిరినట్టు ముఖాలు చూస్తేనే తెలిసింది.

"హాఫ్‌టర్మ్ సెలవుల్లో దీన్ని కూడా తీసుకుపోవాలి," అన్నారు అత్తగారు. "లేకపోతే చెప్పేస్తదంట. నీ పోలికే."

హాఫ్‌టర్మ్‌లో, బడికి ఇచ్చిన వారం రోజుల సెలవుల్లో, ముగ్గురం వెళ్లాం. ఆ రోజు మా అమ్మాయి మెనూ కార్డు వెనకవైపు తిప్పింది. మేం ఇన్నాళ్లూ తిప్పనే లేదు. అక్కడ నలుగురి సెట్ మీల్ ఉంది. ముందువైపు ఉన్నవన్నీ ఉన్నాయి, వాటి పైన ఒకటి ఎక్కువుంది. అల్లం, ఉల్లికాడలతో పీత.

"నానమ్మా, క్రాబ్!"

అత్తగారు కార్డు చేతిలోకి తీసుకున్నారు. రేపల్లె మనిషికి పీత అంటే ఏమిటో నేను వేరే చెప్పక్కర్లేదు. ఈ దేశం వచ్చి మూడు నెలలు దాటింది, ఆవిడ దాని మొహం చూడలేదు. నేను విడిగా తెప్పిస్తానన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు.

"విడిగా తెప్పిస్తే కొన్నట్టు. సెట్‌లో వస్తే పెట్టినట్టు. పెట్టింది తింటే ఉన్న రుచి కొన్నదానికి ఉండదే."

"కానీ నలుగురు ఉండాలత్తయ్యా."

"నాలుగో మనిషి లేకపోవడమేంది?" అన్నారావిడ నింపాదిగా. "ఉన్నాడుగా, మనింట్లో పై గదిలో."

నాకు సూపు పొలమారింది.

ఆ వారంలోనే మా ఆయన ఫోను పట్టుకుని కిందికొచ్చారు. గడియారం అడుగులే కాదు, తిరిగిన దారి కూడా చూపిస్తుందట. "అమ్మా, మీరిద్దరూ వెళ్లినప్పుడల్లా నడక మధ్యలో ఒకే చోట ముప్పావు గంట ఆగిపోతున్నావు. మోకాళ్లు నొప్పి పెడుతున్నాయా? చెప్పవేంటి? ఫిజియోకి చూపిద్దాం," అన్నారు. ఆయన గొంతులో నిజంగా బెంగ ఉంది. నేను గిన్నెలు తోముతున్నదాన్ని తోముతున్నట్టే అటు తిరిగి ఉండిపోయాను.

అత్తగారు తొణకలేదు. "ఇక్కడ కూర్చుని చెబితే నీకు తెలియదు నాన్నా. శనివారం నువ్వే రా. ఎక్కడ ఆగుతన్నామో, ఎందుకు ఆగుతన్నామో చూద్దువుగాని."

ఆయన సంతోషంగా ఒప్పుకున్నారు. శుక్రవారం సాయంత్రం ఇద్దరం ఉతికిన బట్టలు మడతపెడుతుంటే ఆవిడ నా చెవి దగ్గరికి వంగారు.

"రేపు మీ ఆయనకి టిఫిను పెట్టమాక."

"అదేంటత్తయ్యా?"

"జావ ఒక్కటి ఇవ్వు. పల్చగా."

శనివారం నలుగురం బయల్దేరాం. ఎప్పుడూ వెళ్లే దారి కాదు. అత్తగారు ముందు నడుస్తూ మమ్మల్ని పార్కుకి తీసుకెళ్లారు. చెరువు చుట్టూ ఒకసారి తిప్పారు. రెండోసారి తిప్పారు. నీళ్లలో బాతులు తేలుతున్నాయి. వాటిని చూసే చూపు అత్తగారికీ నాకూ ఈమధ్య కాస్త మారిందని, ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నప్పుడు తెలిసింది. చలిగాలి. మా ఆయన జేబుల్లో చేతులు పెట్టుకుని, "అమ్మా, నీ ఓపిక చూస్తుంటే నాకే సిగ్గేస్తోంది," అన్నారు. ఆయన కడుపులోంచి చప్పుడు నాకు వినిపించింది. అత్తగారికీ వినిపించినట్టుంది, ఇంకొక చుట్టు తిప్పారు.

చివరికి షాపుల వీధిలోకి వచ్చాం. రెస్టారెంట్ ముందుకు రాగానే ఆవిడ మోకాలి మీద చెయ్యి వేసుకుని, "ఇక్కడే నాన్నా, వచ్చినప్పుడల్లా ఇక్కడికి రాగానే ఆగాల్సొస్తంది," అన్నారు. అందులో ఒక్క అక్షరం కూడా అబద్ధం లేదు.

"కూర్చోవాలా? లోపల కూర్చుందాం పద," అన్నారాయన, తల్లి మోచెయ్యి పట్టుకుని. తలుపు ఆయనే తీశారు.

పెన్సిలావిడ కౌంటరు వెనక నుంచి తలెత్తింది. మమ్మల్ని ఒక్కొక్కళ్లనీ చూసింది. ముఖం చేటంత చేసుకుని రెండు చేతులూ పైకెత్తి, రెస్టారెంట్ అంతా వినపడేలా అరిచింది.

"మామా! టుడే ఫోర్! ఫైనల్లీ, ఫోర్!"

మా ఆయన చుట్టూ చూశారు. ఎవర్నో అనుకున్నారు. ఆవిడ అత్తగారి రెయిన్‌కోటు అందుకుని వచ్చినప్పుడల్లా తగిలించే కొక్కేనికి తగిలించింది. ఎప్పుడూ ఆవిడ కూర్చునే కుర్చీ మీద, ఎప్పుడూ వేసే మెత్త వేసింది. మా అమ్మాయి అడగకుండానే ఆపిల్ జ్యూస్ వచ్చింది.

"ఫైనల్లీ అంటోంది, ఏంటి?" అన్నారు మా ఆయన నా వైపు తిరిగి.

నేను కార్డు చదువుతున్నాను. ఆ కార్డు నాకు కంఠతా వచ్చు, అయినా చదువుతున్నాను.

"అమ్మా?"

"కూకో ముందు," అన్నారు అత్తగారు.

"నడకకి వెళ్తున్నామన్నారు."

"నడిచే వస్తన్నాం. బస్సెక్కి వచ్చామా ఏమన్నా?"

"ఎన్నాళ్లుగా?"

నేను కార్డు ఇంకో వైపు తిప్పాను. మా అమ్మాయి మాత్రం తండ్రి మీద జాలిపడి, "సిన్స్ బిఫోర్ హాఫ్‌టర్మ్, డాడీ. ఏజెస్," అంది.

ఆయన మెల్లగా కూర్చున్నారు. మైదా గురించీ కార్న్‌ఫ్లోర్ గురించీ ఉపన్యాసం వస్తుందని నేను నడుము బిగించుకున్నాను. అది రాలేదు. ఆయన ఖాళీ ప్లేటుకేసి చూస్తూ, చిన్నపిల్లాడి గొంతుతో అడిగారు.

"అయితే ఇన్నాళ్లూ ఆ కొర్రలు నేనొక్కణ్ణే తింటున్నానా?"

నవ్వకూడదని నేను పెదవి కొరుక్కున్నాను. అత్తగారు మాత్రం నవ్వలేదు. కొడుకు ముఖం అలా చూసేసరికి ఆవిడ కళ్లజోడు తీసి కొంగుతో తుడవడం మొదలుపెట్టారు. తన ఎత్తు పారినందుకు సంబరపడాల్సిన మనిషి, తుడిచిన అద్దాన్నే మళ్లీ తుడిచారు.

"నిన్ను పిలుద్దామనే అనుకున్నా నాన్నా," అన్నారు. "పిలిస్తే వచ్చేవాడివా? నువ్వు నన్ను ఆరోగ్యంగా పంపిద్దామని చూస్తన్నావు. నాకేమో నీ పక్కన కూర్చుని ఏదన్నా రుచిగా తిందామని ఉంది. ఈ వయసులో నీతో వాదించి గెలవలేక ఇట్టా తీసుకొచ్చా."

ఆయన ఏదో అనబోయారు. అప్పుడే, మేం చెప్పకుండానే, పీత వచ్చింది.

పెద్ద పళ్లెంలో, అల్లం ముక్కల మధ్య, ఎర్రగా, పొగలు కక్కుతూ. ఆ వాసనకి మా ఆయన మాట మధ్యలోనే ఆగింది. అత్తగారు ప్రార్థన చేశారు. ఈసారి క్లుప్తంగా ముగించారు, మీటింగుల ప్రస్తావన లేదు. పళ్లెంతో పాటు పెంకు విరిచే పటకారు ఒకటి ఇచ్చారు. ఆవిడ దాన్ని పక్కన పెట్టి, పెద్ద గోరుని న్యాప్‌కిన్‌లో చుట్టి, బరువైన టీ కుండ అడుగుతో ఒక్కటి వేశారు. పక్క బల్లల వాళ్లు ఉలిక్కిపడ్డారు. చీలిన గోరులోంచి తెల్లటి కండ ముక్క చెక్కు చెదరకుండా తీసి కొడుకు ప్లేటులో పెట్టారు. రెండో గోరు మనవరాలికి. నాకు పొట్ట ముక్క. ఆవిడ మాత్రం కాళ్లు తీసుకుని, ఒక్కొక్క కణుపు విరిచి, ఈలవేసినట్టు పీలుస్తూ కూర్చున్నారు. అసలు రుచి అందులోనే ఉందనీ, మాకెవరికీ అది తెలియదనీ ఆవిడ ముఖం చెబుతోంది.

మా ఆయన ఆ ముక్క తిన్నారు. వేళ్లు నాక్కున్నారు. "కారం తక్కువైంది," అన్నారు. తర్వాత పళ్లెంలో మిగిలిన రసాన్ని ఎగ్ ఫ్రైడ్ రైస్ మీద పోసుకుని, గిన్నె ఖాళీ అయ్యేదాకా తలెత్తలేదు. జిగురు అన్న మాట ఆ పూట ఎవరూ గుర్తుచెయ్యలేదు. లేచేటప్పుడు పెన్సిలావిడ ఆయన్ని చూపించి, "మామా, యువర్ సన్ ఈట్ వెరీ గుడ్," అంది. "ఈట్స్," అని అత్తగారు దిద్దారు.

ఆ తర్వాత మా ఇంట్లో కొన్ని మార్పులు వచ్చాయి. బియ్యం డబ్బా గరాజ్‌లోంచి తిరిగి వచ్చింది గాని, వారానికి మూడు రోజులే మూత తియ్యాలని రాజీ కుదిరింది. కొర్ర ఉప్మా పోలేదు. దానికి రెండో స్పూను నూనె వచ్చి చేరింది, జీడిపప్పు కూడా. నెలకోసారి కుటుంబమంతా చైనీస్‌కి వెళ్లాలని మా ఆయనే ప్రకటించారు. అది రెండు వారాలకోసారి అయింది. నలుగురి సెట్ ఆయనే చెబుతారు, పెన్సిలావిడతో పీత సైజు గురించి ఆయనే మాట్లాడతారు.

ఒకరోజు అలా తిని వస్తున్నాం. ఆయనా అమ్మాయీ ముందు నడుస్తున్నారు. వెనక నేనూ అత్తగారూ. ఆవిడ నడక నెమ్మది చేసి నా చెయ్యి పట్టుకున్నారు.

"ఏమన్నా అనుకో అమ్మాయ్. వాడితో వస్తే మునుపటి రుచి లేదు."

"అదేంటత్తయ్యా, అన్నీ అవేగా?"

"అన్నీ అయ్యే. బాతు చుట్టుకుంటంటే ఇందులో ఎన్ని కేలరీలో చెప్తాడు. రెండోది చుట్టుకుంటే లెక్క కలుపుతాడు. పోయిన జన్మలో ఆడిటరు." ఆవిడ ముందున్న వాళ్లని ఒకసారి చూసుకుని, గొంతు ఇంకా తగ్గించారు. "బస్టాండు ఎదురుగా చేపలు వేయించే కొట్టు ఉంది చూశావా? అద్దం మీద రాసి పెట్టారు. పెన్షనర్లకి మధ్యాహ్నం తక్కువ ధరకంట. నేను పెన్షనర్నేగా?"

"మీరైతే పెన్షనరే అత్తయ్యా. నేను కాదుగా?"

"నువ్వు నా తోడు. మోకాళ్ల నొప్పుల మనిషిని ఒక్కదాన్నే పంపుతావా?"

గురువారం మధ్యాహ్నం మేమిద్దరం ఆ కొట్లో కిటికీ పక్కన కూర్చున్నాం. గడియారం ఇంట్లో ఛార్జింగ్‌కి పెట్టి వచ్చారావిడ. చేప పళ్లెం దాటి బయటికి వేలాడుతోంది. ఆవిడ పైన పిండి తొడుగుని ఫోర్కుతో తట్టి, లోపలి చేపని విడదీసి చూసి, "చేప తాజాదే. చొక్కా మందమైంది," అన్నారు. తర్వాత కౌంటరు దగ్గర నిలబడ్డ పెద్దాయన్ని పిలిచి, స్పష్టమైన బడి ఇంగ్లీషులో, కొంచెం కారప్పొడి ఉంటుందా అని అడిగారు. ఆయన ఆలోచించి వెనిగర్ సీసా తెచ్చిచ్చారు. అత్తగారు థాంక్యూ చెప్పి, నా హ్యాండ్‌బ్యాగు తన వైపు లాక్కుని, నేను చూడకుండా ఇంట్లోనే అందులో వేసిన చిన్న సీసా బయటికి తీశారు.